వన్యప్రాణి ఛాయాచిత్రములు: స్వభావోక్తియా, అతిశయోక్తియా?

కావ్యమునకు మన భాషలో విమర్శ కలదు. నాటకమునకు కలదు, సంగీతమునకు కలదు, శిల్పమునకును కొంత కలదు. ఛాయాచిత్రము మాత్రము ఇంకను "బాగున్నది", "బాగులేదు" అను రెండు మాటలతోనే సరిపుచ్చుకొనుచున్నది. ఇది న్యాయము కాదు. నేడు మనలో పెక్కుమందికి పులిని గాని, నీటికుక్కను గాని, అడవిపక్షిని గాని ఎరుకపరచుచున్నది ఛాయాచిత్రమే. గోడమీది క్యాలెండరు, పిల్లల పాఠ్యపుస్తకము, చేతిలోని ఫోను, అన్నిటను అదియే. అడవి త్రొక్కనివానికి అడవిని గూర్చిన తెలివి యంతయు ఈ చిత్రములనుండి వచ్చినదే. అట్టి చిత్రముల రంగులను కంప్యూటరు సాఫ్ట్‌వేరుతో దిద్దుట, పెంచుట నేడు సర్వసాధారణమైపోయినది. ఆ పని గుణమా, దోషమా? దోషమైనచో ఎచటినుండి దోషమగును? ఈ వ్యాసమున విచారింపదలచినది ఇంతమాత్రమే.

ఈ విచారణకు కావలసిన పనిముట్లను ఎక్కడినుండియో ఎరువు తెచ్చుకొననక్కరలేదు. మన ఆలంకారికులు ఈ తగవును వేయేండ్లకు పూర్వమే తీర్చబూనిరి. అతిశయముతో గూడిన వక్రోక్తి లేనిదే అలంకారమే లేదని భామహుని మతము. స్వభావోక్తిని కొందరు అలంకారమందురని మాత్రము చెప్పి ఆయన ఊరకుండెను. దండి యట్లుకాదు. కావ్యాదర్శమున అర్థాలంకారములను చెప్పబూని స్వభావోక్తినే మొదటి పీటపై కూర్చుండబెట్టెను. దానికే జాతి యనియు పేరు. వస్తువు ఏ యవస్థలో ఎట్లున్నదో అట్లే కన్నులకు కట్టించుట దాని పని. తరువాతివాడైన కుంతకుడు వక్రోక్తిజీవితమున దీనిని ఆక్షేపించెను. వస్తువుయొక్క స్వభావమే అలంకారమైనచో ఇక అలంకరింపబడవలసినది ఏది యని ఆయన ప్రశ్న.

కుంతకుని ప్రశ్న కవులను ఎంతవరకు బాధించినదో పండితులు తేల్చవలయును. వన్యప్రాణి ఛాయాచిత్రకారుని మాత్రము అది నేరుగా తగులును. పెండ్లి ఫొటోలో పెండ్లికూతురి చీర ఎరుపును ఒక పాలు హెచ్చించిన నష్టము లేదు. ఆ చీరను కన్నులార చూచినవారు నూరుగురు కలరు, చీరయు బీరువాలోనే యున్నది. అడవిలోని జంతువును ఆ క్షణమున చూచినవాడు ఛాయాచిత్రకారుడొక్కడే. అతని చిత్రము మనకు ప్రత్యక్షప్రమాణము కాదు, ఆప్తవాక్యము. అది చెప్పువాని విశ్వసనీయతపై నిలిచినది. ఇచట వస్తువే యలంకారము. పైనుండి తెచ్చి పెట్టిన ప్రతి నగయు సాక్ష్యమును ఒక వీసమైనను మార్చును.

అట్లని రంగును ముట్టనే రాదనువారి మాటయు నిలువదు. రంగు ముట్టని డిజిటల్ చిత్రమే లోకమున లేదు. కెమెరాలోని సెన్సరుకు స్వతహాగా రంగు తెలియదు, దానిపై వెలుగెంత పడినదో మాత్రమే తెలియును. కొడాక్ సంస్థయందలి బ్రైస్ బేయరు 1976లో పేటెంటు పొందిన పద్ధతి చొప్పున, ఆ సెన్సరుపై చదరంగపు గళ్లవలె సన్నని రంగు ఫిల్టరులను పరతురు. నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలము. ఒక్కొక్క గడి ఒక్క రంగునే కొలుచును, తక్కిన రెండింటిని ఇరుగుపొరుగు గళ్లనుబట్టి లెక్కకట్టుదురు. అనగా మనము చూచు సామాన్యమైన డిజిటల్ చిత్రమున రంగుల అంకెలలో మూడింట రెండువంతులు కొలిచినవి కావు, అంచనా కట్టినవి. ఆ అంచనాను ఎవరో ఒకరు వేయవలసినదే. రా ఫైలుగా దాచినచో దానిని చిత్రకారుడు ఇంటివద్ద కూర్చుండి తేల్చుకొనును. జేపెగ్ గా దాచినచో కెమెరా నిర్మించిన ఇంజనీరు ముందుగా వ్రాసిపెట్టిన లెక్కను కెమెరాయే చేయును. "నేను ఫొటోషాప్ తెరువనే లేదు" అని గర్వించువాడు ఆ నిర్ణయమును తెలియని ఇంజనీరు చేతికి అప్పగించితినని చెప్పుకొనుచున్నాడు, అంతే.

రంగుపై మోజు సాఫ్ట్‌వేరుతో పుట్టినదియు కాదు. నలుపు తెలుపు చిత్రములపై కుంచెతో రంగులు పూయుట పందొమ్మిదవ శతాబ్దముననే మన దేశపు స్టూడియోలలో ఒక వృత్తిగా నుండెను. తాతముత్తాతల పటములలో బుగ్గలు గులాబివన్నెగాను, తలపాగ అంచులు బంగారువన్నెగాను మెరయుట చూచినవారే మనలో ననేకులు. ఫ్రాన్సు దేశపు లూమియేర్ సోదరులు 1907లో విక్రయమునకు తెచ్చిన ఆటోక్రోము పలకలలో రంగునిచ్చినవి బంగాళాదుంప పిండి రేణువులు. 1935లో కొడాక్రోము వచ్చినది. 1990లో ఫ్యూజీ సంస్థ వెల్వియా ఫిల్ము నమ్మకమునకు తెచ్చెను. పచ్చికను పచ్చికకంటె పచ్చగా చూపుట దాని ప్రసిద్ధి, ప్రకృతి చిత్రకారులు దానిని ఎంతో ఇష్టపడిరి. ఫొటోషాప్ మొదటి కూర్పు వెలువడినదియు ఆ 1990లోనే. కావున ఫిల్ము కాలమంతయు సత్యకాలమనియు, సాఫ్ట్‌వేరు వచ్చి ధర్మము చెడినదనియు విలపించుట చరిత్ర నెరుగనివారి మాట. భేదము వేరుచోట నున్నది. వెల్వియా అతిశయము చుట్ట అంతటికి ఒక్కటే, ఎరిగినవాడు దానిని తగ్గించుకొని చూడగలడు. సాఫ్ట్‌వేరు అతిశయము చిత్రమునకొక తీరు, చిత్రములోని ముక్కకొక తీరు. దానిని తగ్గించుకొని చూచుటకు కొలబద్ద లేదు.

ఇక పనిముట్లను చూతము. వీనిలో వైట్ బ్యాలెన్సు అనునది తెలుపును తెలుపుగా నిలుపు ఉపాయము. మధ్యాహ్నపు టెండ రంగును శాస్త్రజ్ఞులు సుమారు 5,500 కెల్విన్లుగా లెక్కింతురు. నీడలో అది 7,000 దాటి నీలపు వైపునకు జరుగును. దట్టమైన చెట్ల క్రింద ఆకులగుండా వడిసిన వెలుగు పసరుచాయగా నుండును. మన కన్ను ఈ మార్పులను తానే సర్దుకొని కొంగను తెల్లగానే చూచును, కెమెరా సర్దుకొనలేక పచ్చకొంగను చూపును. దానిని మరల తెలుపుచేయుట పోగొట్టుకొన్నదానిని రాబట్టుకొనుట వంటిది. ఈ పనిని తప్పుపట్టువాడు తన కన్ను చేయుపనినే తప్పుపట్టుచున్నాడు.

శాచురేషను పద్ధతి వేరు. అది చిత్రమునందలి రంగులన్నిటి గాఢతను ఒక్కుమ్మడి పెంచును. వైబ్రెన్సు దానికంటె నేర్పుగలది. ఇదివరకే గాఢముగానున్న రంగులను అంతగా కదపక, వెలవెలబోవుచున్న వానిని ఎక్కువగా లేపును. అందుచే చూడగనే మోసము తెలియదు. నా దృష్టిలో వన్యప్రాణి చిత్రమునకు శాచురేషనుకంటె వైబ్రెన్సే ప్రమాదకరము, ఏలయన అడవిజంతువులలో పెక్కింటికి ఆ వెలవెలబోవుటయే ప్రాణరక్ష. బూడిదచాయ, మట్టిచాయ, ఎండుటాకుచాయ వానికి వంశపారంపర్యముగా వచ్చిన ఆస్తి. స్లైడరును కుడివైపునకు జరుపగా మొదట చెడునది అదియే. మరియొక నష్టము సూక్ష్మమైనది. సామాన్య చిత్రమున ఒక్కొక్క రంగునకు 0 మొదలు 255 వరకు మెట్లు. పెంపుచేత ఒక రంగు 255 వద్దకు పోయి తగిలినచో అంతకుముందున్న తారతమ్యములన్నియు అచట ఒక్కటై పోవును. ఈకమీది గీతలు, నూగులోని చారలు మాసి ఎనామిలు పూసిన బిళ్లవలె నగును. రంగు పెరిగినదని సంతోషించువాడు వివరము తరిగినదని గమనింపడు.

ఈ సంగతిని నిరూపించుటకు పాలపిట్టకంటె తగిన యుదాహరణము నాకు కానరాదు. తెలంగాణమునకు ఇది రాష్ట్రపక్షి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకును ఇదియే. 2018లో ఆంధ్రప్రదేశము రామచిలుకను ఎన్నుకొన్నది. దసరానాడు దీని దర్శనము శుభమని తెలుగువారి విశ్వాసము. ఆ విశ్వాసమును సొమ్ము చేసికొనుటకు పిట్టలను పట్టి పంజరములలో త్రిప్పి చూపువారును ఉన్నారు, ఆ పాపము వేరు. ఈ పిట్ట వాలియున్నప్పుడు చూడుడు. వీపు మాసిన గోధుమవన్నె, రొమ్ము ద్రాక్షసారపు చాయ కలిసిన కపిలవర్ణము, దానిపై తెల్లని సన్నగీతలు. నడినెత్తిన కొంత నీలము, పొట్టక్రింద కొంత లేతనీలము. దూరమునుండి చూచినచో విశేషమేమియు లేని పిట్ట. అది రెక్క విప్పినప్పుడు చూడుడు. ముదురునీలము, లేతనీలము పట్టెలుపట్టెలుగా ఒక్కసారి భగ్గున వెలుగును. వాలగనే ఆరిపోవును. ఈ దాచుట, చూపుట పిట్టయొక్క స్వభావము. నాటకభాషలో చెప్పవలెనన్న దాని తెర, దాని ప్రవేశము.

ఆ నీలము ఏమిటని సర్ సి. వి. రామన్ విచారించెను. బాల్యమున విశాఖపట్టణమున చదువుకొన్న ఆ తిరుచిరాపల్లి మహనీయుడు 1934లో బెంగళూరున ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ను స్థాపించి, దాని ప్రచురణల మొదటి సంపుటముననే పక్షుల ఈకల రంగుల పుట్టుకను గూర్చి వ్రాసిన పత్రములో పాలపిట్ట ఈకను పరీక్షించెను. ఆ నీలము సిరావంటి వర్ణద్రవ్యము కాదు. ఈక లోపలి అతిసూక్ష్మమైన నిర్మాణము వెలుగును చెదరగొట్టుటవలన కలుగునది. ఈకను పొడిచేసినచో నీలము మాయమై గోధుమపొడి మిగులును. కావున పాలపిట్ట నీలము వెలుగుయొక్క, నిర్మాణముయొక్క, చూచు కోణముయొక్క సంయుక్త ఫలము. వాలియున్న పిట్ట చిత్రమున వైబ్రెన్సును పెంచి పొట్టను, తలను, తోకను నీలిమందులో ముంచినవాడు ఈ మూటిని చెరిపివేసి, లేని వర్ణద్రవ్యము నొకదానిని పిట్టకు దానము చేసినవాడగుచున్నాడు.

దీనివలన నష్టమేమి యని అడుగవచ్చును. ఒక దసరా సెలవులకు ముందు మా పిల్లలకు విద్యుత్తు తీగపై వాలిన పాలపిట్టను చూపితిని. ఆరవ తరగతి బాలిక యొకతె తలయూపి, "అది పాలపిట్ట కాదు టీచర్, పాలపిట్ట నీలంగా ఉంటుంది. ఇది పనంగాడై" అనెను. పనంగాడై యన్నది తమిళమున ఆ పిట్ట పేరే. ధర్మపురి మండలమున తెలుగు మాతృభాషగా గల పిల్లలు వీథిలో తమిళమును, ఇంటను బడిలోను తెలుగును పలుకుదురు. పొలముగట్టున చూచిన పిట్టకు వారికి తమిళపు పేరు కలదు. తెలుగు పేరు క్యాలెండరులోని నీలిబొమ్మకు అతుక్కొనిపోయినది. ఒక్క పక్షి రెండు పక్షులైనది. వానిలో సజీవమైనది తెలుగునుండి జారిపోయినది. మైనారిటీ భాషగా తెలుగు బోధించు మావంటివారికి ఇది చిన్న సంగతి కాదు. పదమునకు అర్థము లోకమున నుండవలయును. రంగు పెంచిన బొమ్మ పదమును లోకమునుండి వేరుచేయుచున్నది. ఆ బాలిక నేరమేమియు లేదు. తనకు చూపబడిన ఆప్తవాక్యమును నమ్మినది.

ఇంతకంటె సున్నితమైన యుదాహరణము మన నదితీరముననే యున్నది. కృష్ణగిరి, ధర్మపురి మండలములలో సుమారు 686 చదరపు కిలోమీటర్ల అడవిని తమిళనాడు ప్రభుత్వము 2022 నవంబరులో కావేరి దక్షిణ వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. హొగెనకల్ ప్రాంతపు కావేరి యొడ్డున తెల్లమద్ది, చింత మొదలగు పెద్దచెట్ల కొమ్మలపై ఒక పెద్ద ఉడుత నివసించును. శాస్త్రనామము రటూఫా మాక్రూరా. దాని ఒడలు గోధుమ కలిసిన బూడిదవన్నె, వెండ్రుకల కొనలు తెలుపు. నెరసిన తలవలె నుండుటయే దాని గుర్తు, ఆంగ్లనామమునకును అదియే యర్థము. భారతదేశమున ఇది కొన్ని చోట్ల మాత్రమే యున్నది. వానిలో ప్రసిద్ధమైనది శ్రీవిల్లిపుత్తూరు. దీనికొరకే అచట 1988లో అభయారణ్యము నేర్పరచిరి. అది 2021లో శ్రీవిల్లిపుత్తూరు మేఘమలై పులుల సంరక్షణకేంద్రములో చేరినది.

శ్రీవిల్లిపుత్తూరు పేరు వినగనే తెలుగువారికి ఆముక్తమాల్యద తలపునకు రాకమానదు. ఆ ఊరి వర్ణనలో రాయలు కాలువ యొడ్డున రెక్కలలో తల దూర్చి నిదురించు బాతులను చెప్పెను. తలారులు వానిని స్నానము చేసిన బ్రాహ్మణులు మరచిపోయిన పిడిచిన బట్టలనుకొని తీయబోయిరట. రాయలు పక్షికి కొత్తరంగు పూయలేదు. నిదురించు భంగిమను, చూపరి భ్రాంతిని పట్టుకొనెను. చూచువాడు పొరపడునంత సహజముగా పక్షి యున్నదని చెప్పుటయే అచటి చమత్కారము. నెరసిన ఉడుత చిత్రమునకు కావలసినదియు ఇట్టి చూపే. మద్దిచెట్టు బెరడు తెల్లనిది, నున్ననిది. దానిపై బూడిద యుడుత కదలక యున్నచో మనకు తోకయే మొదట కనబడును. ఆ కనబడీ కనబడకుండుటయే చిత్రమునకు విషయము. దాని బూడిదను రాగివన్నెకు త్రిప్పినచో ఉడుత బెరడునుండి ఊడివచ్చి నిలుచును, చిత్రము "పొంగును", విషయము పోవును. అంతియకాదు, గుర్తింపే తారుమారగును. దానికి జ్ఞాతియైన మరియొక పెద్దయుడుత, రటూఫా ఇండికా, ముదురెరుపు, నలుపు, మీగడవన్నెలు గలది. ఈ రెండింటిని వేరుపరచుటకు సామాన్యునికున్న ప్రధానసాధనము రంగే. ఆ రెండవదాని చిత్రములు కొన్ని 2019లో ఇంద్రధనుస్సు ఉడుత యను పేర లోకమంతయు చుట్టివచ్చినవి. ఊదా, నీలము మెరయు వెండ్రుకలను చూచి జనులు అట్టి జంతువు భూమిపై నున్నదా యని విస్మయపడిరి. జంతువున్నది, ఆ నీలము మాత్రము దాని బొచ్చులో లేదు.

వర్ణము నిజముగనే అత్యద్భుతమైన చోట ఏమి చేయవలయునన్నది వేరొక చిక్కు. గుత్తి సాలీడు దీనికి ఉదాహరణము. 1899లో పోకాక్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు గుత్తి రైల్వే కలపడిపోలో దొరికిన సాలీడునుబట్టి పీసిలోథీరియా మెటాలికా యను జాతిని వర్ణించెను. తరువాత నూరేండ్లకు పైగా అది శాస్త్రజ్ఞుల కంటబడక, 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న అడవిలో మరల దొరకినది. దాని నీలమును నిర్మాణజన్యమే. చూచినవారు లోహము మెరసినట్లుండునందురు. ఇట్టి జీవి చిత్రమునకు రంగు పెంచుట గంగలో నీళ్లుపోసినట్లేకదా యని తోచును. కాని ఆ నీలమే దానికి శత్రువు. పెంపుడు సాలీళ్ల వ్యాపారులు దేశదేశముల దానిని కోరుదురు. ఆ ప్రజాతి యంతయు 2019లో అంతర్జాతీయ వ్యాపారనియంత్రణ ఒడంబడికయైన సైటిస్ రెండవ అనుబంధమున చేర్చబడినది. ఇట్టి జీవి చిత్రమునకు మరింత మెరుగు పెట్టుట రత్నపు సంతలో గుండా దీపము పెట్టినట్లు కొనుగోలుదారునికి మాత్రమే మేలు చేయును. ఇచట రంగును తగ్గించి చూపుమని నేననను, అదియు అసత్యమే యగును. వెలుగు ఏ కోణమునుండి పడినదో చెప్పి, ఉన్నదున్నట్లు చూపుట చాలును.

ఇంతకు ఉన్నదున్నట్లనగా ఎవరి కంటికి? ఈ యాక్షేపము గట్టిది. మనుష్యుని కంటిలో రంగును పట్టు శంకుకణములు మూడు విధములు. పక్షులలో పెక్కింటికి నాలుగు, మనకు కానరాని అతినీలలోహితమును అవి చూచును. జింకలకు రెండే. పులి నారింజవన్నె జింక వంటి కంటికి ఆకుపచ్చలో కలిసిపోవునని 2019లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు కంప్యూటరు నమూనాలతో చూపిరి. మనకు జ్వాలవలె కనబడు పులి తన యాహారమునకు పొదవలె కనబడును. అట్లైనచో నిజమైన రంగే లేదు, ఎంత పెంచినను తప్పులేదని కొందరందురు. ఈ వాదము దూకుడుగలది గాని తర్కము లేనిది. ఛాయాచిత్రము మనుష్యుడు మనుష్యునకు చెప్పు సాక్ష్యము. ఆ వెలుగులో, ఆ దూరమున, ఆ గడియలో అచట నిలిచియున్న మంచికన్నుగల మనుష్యుడు ఏమి చూచియుండునో అదియే కొలత. పాలపిట్ట తన జంటను ఎట్లు చూచునో మనమెరుగము, ఆ యెరుగమి స్లైడరును జరుపుటకు అనుమతిపత్రము కానేరదు.

అంతర్జాతీయ సంఘములు ఇందుకు నియమములు చేయకపోలేదు. అమెరికా ఫొటోగ్రాఫిక్ సొసైటీ, ఫియాప్, బ్రిటిషు రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ అను మూడు సంస్థలు 2014లో ప్రకృతి ఛాయాచిత్రమునకు ఒక ఉమ్మడి నిర్వచనమును అంగీకరించినవి. చిత్రమున ఏ యంశమును చేర్చరాదు, మార్చరాదు, కత్తిరింపుచేత తప్ప తొలగింపరాదు. దిద్దుబాట్లు సహజముగా కనబడవలయును. లండను నేచురల్ హిస్టరీ మ్యూజియమువారి వార్షిక పోటీలో తుదివరకు నిలిచినవారి రా ఫైళ్లను తెప్పించి పరీక్షింతురు. ఆ పోటీలో 2017లో బహుమతి పొందిన ఒక చిత్రమును, అందలి చీమలు తిను జంతువు గడ్డి కూరిన తోలుబొమ్మయని తేలినందున, 2018లో తొలగించిరి. మెచ్చవలసినదే. తోలుబొమ్మను పట్టగల నియమము రంగును పట్టజాలకున్నది. సహజముగా కనబడవలయుననగా ఎవరికి కనబడవలయును? న్యాయనిర్ణేతకు. ఆయన ఆ జంతువును ప్రత్యక్షముగా చూచియుండకపోవచ్చును, చూచినది ఇతరుల చిత్రములలో. ఆ చిత్రములు అప్పటికే పెంపుడు రంగులలో నున్నవి. పెంచిన చిత్రములను చూచి చూచి కన్ను దేనిని సహజమని నేర్చుకొన్నదో దానికి సరిపోయిన చిత్రమే సహజమని గెలుచును, మరుసటి యేడు కొలత మరికొంత పైకి జరుగును. ఇది అన్యోన్యాశ్రయదోషము. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము రేఖను మెచ్చువారిని ఆచార్యులనియు, రంగుల సమృద్ధిని మెచ్చువారిని ఇతరజనులనియు వేరుచేసినది. నేటి పోటీలలో ఆచార్యులును ఇతరజనులలో కలిసిపోవుచున్నారేమో యని శంక.

ఈ చిక్కునుండి పూర్తిగా తప్పుకొన్నవారు లేకపోలేదు. మదరాసు ఎం. కృష్ణన్, 1912లో పుట్టి 1996లో గతించిన మహానుభావుడు, స్టేట్స్‌మన్ పత్రికలో 1950 మొదలు మరణమువరకు ప్రకృతివ్యాసములు వ్రాసెను. ఆయన ఛాయాచిత్రములు నలుపు తెలుపులలోనివి. సండూరు రాజవంశీకుడు ఎం. వై. ఘోర్పడే 1983లో వెలువరించిన సంపుటమునకు ఎండనీడల పేరే పెట్టెను, అవియు నలుపు తెలుపులే. వారి ఏనుగులను చూచునప్పుడు చర్మపు ముడుతలు, దుమ్ము, చెవి అంచు చిరుగు మన కంటికి ముందు వచ్చును. రంగునే విడిచినవారు రంగును గూర్చి అబద్ధమాడు నవకాశమును కూడ విడిచిరి. అందరును వారివలె చేయవలయుననుట మాత్రము అతివాదము. పాలపిట్టను నలుపు తెలుపులలో చూపిన రెక్క విప్పుటకు అర్థమే యుండదు. నేటి కృష్ణగిరి మండలమందలి మల్లపాడి రాతిపై పూర్వులు గుర్రపురౌతులను ఒక్క తెలుపుతో చిత్రించిరి. వారికి వేరు రంగు కావలసి రాలేదు. మనకు వచ్చినది, అది వచ్చిన తరువాత లేనట్లు నటించుట తగదు.

కావున పనికివచ్చు పద్ధతి యొకటి నాకు తోచుచున్నది. మన సంఘపు సంచికలలోను, బడిగోడల పటములలోను వన్యప్రాణి చిత్రమును అచ్చువేయునప్పుడు క్రింద ఛాయాచిత్రకారుని పేరొక్కటియే వేయుచున్నాము. దానితోపాటు స్థలము, నెల, గడియ, పిట్ట వాలినదా ఎగిరినదా, తెలుపు సరిచేయబడినదా, రంగు పెంచబడినదా అను సంగతులు రెండు పంక్తులలో వేయవచ్చును. అచ్చునకుగాను చేసిన దిద్దుబాటునుకూడ చెప్పవచ్చును. నాలుగు సిరాల ముద్రణలో గాఢమైన నీలములు నిలువవు, తెరపై వెలిగిన నీలము కాగితముపై మడ్డిబారును. దానికి పరిహారముగా ముద్రాపకుడు నీలమును కొంత ఎత్తినచో అది అతిశయోక్తి కాదు, సిరా బలహీనతకు చేసిన సర్దుబాటు. అసలు రా ఫైలును కాపాడియుంచి, అడిగినవారికి చూపుట చిత్రకారుని పరువునకే మేలు.

కావేరి దక్షిణారణ్యపు జీవులలో పెక్కింటికి ఈ రెండు పంక్తులు మిక్కిలి యవసరము. అచటి మొసలి బురదరంగున నుండును. మెత్తని పెంకు తాబేలు ఇసుకరంగున నుండును. నీటికుక్క ఒడ్డునకు వచ్చి ఒడలు దులుపుకొనునప్పుడు తడిరాతి వన్నెననే యుండును, ఎండ ఎక్కి బొచ్చు ఆరినపిమ్మట కొంచెము గోధుమచాయ తేలును. చిత్రము క్రింద గడియ వ్రాసియున్నచో, ఆ రెండు రంగులలో ఏది ఎప్పటిదో ఆరవ తరగతి పిల్లలు తామే చెప్పగలరు.